చాలని డీఏ, దొరకని గది, ఆగిపోయిన బిల్లు: టూర్ ఉద్యోగులు తరచుగా అడిగే ప్రశ్నలు

పధ్నాలుగేళ్లుగా నేను ఫీల్డ్ ఇంజినీరుగా పనిచేస్తున్నాను. ఆస్పత్రుల్లో, డయాగ్నస్టిక్ సెంటర్లలో రక్త పరీక్షల మిషన్లు పాడైతే వెళ్లి బాగుచేయడం నా పని. హైదరాబాదులో ఇల్లు, నెలలో పన్నెండు రోజులు రెండు రాష్ట్రాల జిల్లాల్లో క్యాంపు. ఇప్పటికి మూడు కంపెనీలు మారాను. జీతం విషయంలో ఎవరూ నన్ను పెద్దగా బాధపెట్టలేదు కానీ, టూర్ ఖర్చుల దగ్గర మాత్రం మూడు చోట్లా ఇబ్బంది పడ్డాను. ఈ మధ్య కొత్తగా చేరిన పిల్లలు, మెడికల్ రెప్‌గా పనిచేసే స్నేహితులు అవే ప్రశ్నలు మళ్లీ మళ్లీ అడుగుతున్నారు. అందుకే ఒకచోట రాసి పెడుతున్నాను.

మా కంపెనీ రోజుకి 400 డీఏ (టూర్‌లో ఇచ్చే రోజువారీ భత్యం) ఇస్తుంది. నాకు చాలడం లేదు. నేనే ఎక్కువ ఖర్చు పెడుతున్నానా?

ఈ అనుమానం అందరికీ వస్తుంది. అనుమానంతో ఊరుకోకుండా ఒక్కరోజు లెక్క రాసి చూడండి. మొన్న కర్నూలు వెళ్లినప్పుడు నా నోటుబుక్కులో రాసుకున్నది ఇది. పొద్దున బస్టాండు ఎదురుగా టీ 15. ఇడ్లీ, ఒక వడ 60. రోజంతా కలిపి నీళ్ల బాటిళ్లు మూడు, 60. మధ్యాహ్నం ఆస్పత్రి పక్క మెస్సులో భోజనం 120. సాయంత్రం టీ, బిస్కెట్లు 25. బస్టాండు నుంచి ఆస్పత్రికి, అక్కడినుంచి లాడ్జికి ఆటోలు 140. రాత్రి చపాతీ, కూర 110. మొత్తం 530.

అందులో ఒక్క రూపాయి కూడా విలాసం కాదు. బిర్యానీ లేదు, ఏసీ హాలు లేదు. అయినా 130 చేతి నుంచి పడింది. నెలకి పన్నెండు రోజులైతే 1,560. ఏడాదికి 18,720. మా అమ్మాయి స్కూలు ఫీజులో ఒక టర్ము అంత. కంపెనీ మిషన్ బాగుచేయడానికి మా ఇంటి డబ్బు వెళ్తోందని ఆ అంకె చూశాకే నాకు అర్థమైంది. 130 అంటే ఎవరూ పట్టించుకోరు. 18,720 అంటే మేనేజరు కూడా తలెత్తి చూస్తాడు.

ఆ 530లో 140 ఆటోలదే అని గమనించండి. డీఏ అంటే తిండికి. లోకల్ ప్రయాణం వేరే. చాలా కంపెనీలు ఆ రెండింటినీ కలిపేసి ఒకే అంకె ఇస్తాయి. ముందు అడగాల్సింది డీఏ పెంచమని కాదు, ఆటోని విడిగా ఇమ్మని. అది ఒప్పించడం తేలిక. ఎందుకంటే ఆస్పత్రి అడ్రసు మీరు ఎంచుకున్నది కాదు.

లాడ్జికి 1,000 దాటకూడదంటున్నారు. ఆ డబ్బుకి మంచి గది ఎక్కడ దొరుకుతుంది?

ఊరిని బట్టి. నంద్యాల, సూర్యాపేట లాంటి చోట్ల ఇప్పటికీ శుభ్రమైన నాన్ ఏసీ గది దొరుకుతుంది. విశాఖలో, విజయవాడలో కష్టం. తిరుపతిలో రద్దీ రోజుల్లో అసలు అడగొద్దు. పెళ్లి ముహూర్తాలున్న వారంలో ఏ ఊళ్లోనైనా రేట్లు పెరుగుతాయి. అందుకే అన్ని ఊళ్లకీ ఒకే పరిమితి పెట్టడం తప్పని నా అభిప్రాయం. ఊళ్లని మూడు తరగతులుగా విడగొట్టి పరిమితి పెట్టమని అడగండి.

పరిమితి మారేదాకా పనికొచ్చేవి కొన్ని చెబుతాను. మన జిల్లా కేంద్రాల్లో చాలా లాడ్జీలు ఇప్పటికీ 24 గంటల చెకౌట్ పాటిస్తాయి. పెద్ద హోటళ్లు మధ్యాహ్నం 12కే ఖాళీ చేయమంటాయి. తెల్లవారుజామున ఐదింటికి దిగేవాళ్లకి ఈ తేడా ఒక పూర్తి రోజు అద్దె. కౌంటర్ దగ్గర మొదటి మాటే "24 గంటలేనా అండీ?" అని అడగాలి. రెండోది, నడిబొడ్డులో వెతక్కండి. ఆస్పత్రుల వీధిలో పేషెంట్ల బంధువుల కోసం ఉండే లాడ్జీలు మెయిన్ రోడ్డు హోటళ్ల కన్నా తక్కువకి వస్తాయి, పనికి నడిచి వెళ్లొచ్చు. మూడోది, రైల్లో వెళ్తుంటే స్టేషన్లోని రిటైరింగ్ రూములు చూడండి. మీ పీఎన్ఆర్ నంబరుతో ఐఆర్‌సీటీసీలో బుక్ చేసుకోవచ్చు. నాలుగైదు గంటలు స్నానం చేసి కాళ్లు చాపుకోడానికి అంతకన్నా చవక లేదు.

ఇంకో ముఖ్యమైన మాట. ఆ 1,000 జీఎస్టీ కలిపా, కలపకుండానా అని మెయిల్ మీద అడిగి సమాధానం దాచుకోండి. 2022 జులై 18కి ముందు రోజుకి వెయ్యి లోపు గదులకి జీఎస్టీ లేదు. ఆ రోజు నుంచి 12 శాతం వచ్చింది. 2025 సెప్టెంబరు 22 నుంచి 7,500 లోపు గదులకి 5 శాతం. 2022కి ముందు రాసిన పాలసీనే ఇప్పటికీ నడుపుతున్న కంపెనీలున్నాయి. పన్ను వచ్చిన రోజున ఎవరూ పరిమితిని సవరించలేదు, ఆ భారం నేరుగా ఉద్యోగి మీద పడింది.

గదిలో ఇద్దరు ఉండాలంటున్నారు. కాదనొచ్చా?

తెలిసిన సహోద్యోగితో రెండు మంచాల గది అయితే సర్దుకోవచ్చు. నేనూ చాలాసార్లు సర్దుకున్నాను. కానీ ఒకే డబుల్ కాట్ మీద, ముందురోజు దాకా మొహం తెలియని మనిషితో పడుకోమంటే కాదనండి. "రెండు మంచాలుంటే ఉంటాను సార్" అని చెప్పండి. ఇది గొంతెమ్మ కోరిక కాదు. రాత్రి నిద్ర లేనివాడు మరుసటి రోజు మిషన్ బోర్డు మీద చెయ్యి పెడితే జరిగే నష్టం గది అద్దె కన్నా ఎక్కువ.

బీపీ, షుగరు మందులు, నిద్రలో ఊపిరి కోసం పెట్టుకునే స్లీప్ మిషన్ వాడేవాళ్లు, గురక బాగా ఉన్నవాళ్లు ముందే రాతపూర్వకంగా చెప్పుకుంటే మంచిది. అప్పటికప్పుడు చెబితే సాకులా వినిపిస్తుంది.

రైల్లో స్లీపర్ మాత్రమే ఇస్తారు. టూర్ ముందురోజు చెబుతారు. టికెట్ దొరకదు. ఏం చేయాలి?

టికెట్ దొరకకపోవడానికి కారణం స్లీపర్ కాదు, ముందురోజు చెప్పడం. 2024 నవంబరు 1 నుంచి రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తున్నారు, అంతకుముందు 120 రోజులు. సికింద్రాబాదు నుంచి తిరుపతి వెళ్లే పద్మావతి, నారాయణాద్రి లాంటి బళ్లలో ముందురోజు మామూలు కోటాలో బెర్తు ఉంటుందని ఆశపడటం అనవసరం. మిగిలేది తత్కాల్. ఏసీకి ముందురోజు ఉదయం 10కి, స్లీపర్‌కి 11కి తెరుస్తారు. 2025 జులై 1 నుంచి ఆధార్‌తో ధ్రువీకరించిన ఖాతాలకే ఆన్‌లైన్ తత్కాల్. కాబట్టి మీ ఐఆర్‌సీటీసీ ఖాతాకి ఆధార్ కలిపే పని ఇవాళే చేసుకోండి. అవసరమైన రోజు పదింటికి కూర్చుని ఓటీపీ కోసం చూస్తుంటే బెర్తులన్నీ అయిపోతాయి.

తత్కాల్‌లో కన్ఫర్మ్ అయిన టికెట్ రద్దు చేస్తే పైసా తిరిగి రాదు. మేనేజరు టూర్ క్యాన్సిల్ చేసి, "టికెట్ డబ్బులు నువ్వు చూసుకో" అన్న సంఘటన నాకు జరిగింది. 2019లో. 1,100 రూపాయలు పోయాయి. అప్పటినుంచి తత్కాల్ తీసే ముందు ఒక్క లైను మెసేజ్ పెడతాను: "సార్, రేపటి గుంటూరు టూర్‌కి తత్కాల్ తీస్తున్నాను, క్యాన్సిల్ అయితే రీఫండ్ రాదు, ఓకేనా?" "ఓకే" అని వచ్చాకే డబ్బు కడతాను. ఆ ఒక్క "ఓకే" తర్వాత ఎన్నో క్లెయిములని కాపాడింది.

తరగతి విషయానికొస్తే, థర్డ్ ఏసీ ఇవ్వమంటే వెంటనే ఒప్పుకోరు. థర్డ్ ఏసీ ఎకానమీ అడగండి, అది మామూలు థర్డ్ ఏసీ కన్నా కొంచెం తక్కువ. మే నెలలో స్లీపర్ బోగీలో రాత్రంతా చెమటలో ప్రయాణించి పొద్దున్నే ఐసీయూ పక్క ల్యాబులోకి వెళ్లడం ఎలా ఉంటుందో ఆఫీసులో కూర్చున్నవాళ్లకి చెబితేనే తెలుస్తుంది. చెప్పండి.

వెయిటింగ్ లిస్ట్ ఈ-టికెట్‌తో రైలెక్కొద్దు. చార్టు అయ్యాక అది దానంతటదే రద్దవుతుంది. టీసీ దృష్టిలో మీ దగ్గర టికెట్ లేనట్టే.

రాత్రి బస్సెక్కి పొద్దున్నే పనిలో దిగమంటారు, మళ్లీ రాత్రి బస్సుకి వెనక్కి రమ్మంటారు. గది ఖర్చు మిగులుతుందట.

ఈ ప్రశ్న దగ్గర నేను మెత్తగా మాట్లాడలేను. టూర్ పాలసీలో మిగతావన్నీ డబ్బు సమస్యలు. ఇది మాత్రం ప్రాణంతో ముడిపడింది.

రెప్‌ల భాషలో అవుట్‌స్టేషన్ అంటే రాత్రి అక్కడే ఉండటం, ఎక్స్-స్టేషన్ అంటే అదే రోజు తిరిగి రావడం. అవుట్‌స్టేషన్ డీఏ, లాడ్జి తప్పించుకోవడానికి ఉద్యోగుల్ని ఎక్స్-స్టేషన్‌గా తిప్పుతారు. హైదరాబాదు నుంచి కర్నూలు 210 కిలోమీటర్లు. పోనూ రానూ 420. మధ్యలో ఎనిమిది గంటల పని. అది బైకు మీదైతే చెప్పక్కర్లేదు.

44వ నంబరు హైవే మీద జరిగిన రెండు ప్రమాదాలు మనందరికీ గుర్తున్నాయి. 2013 అక్టోబరు 30న మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర వోల్వో బస్సు తగలబడి 45 మంది చనిపోయారు. 2025 అక్టోబరు 24న కర్నూలు దగ్గర చిన్నటేకూరు వద్ద హైదరాబాదు నుంచి బెంగళూరు వెళ్తున్న ప్రైవేటు బస్సు తగలబడింది. రెండూ తెల్లవారకముందే, జనం నిద్రలో ఉన్నప్పుడు జరిగాయి. అలాంటి బస్సుల్లో ఎంతోమంది పనిమీదే వెళ్తుంటారు.

రాత్రి బస్సు పూర్తిగా మానడం మనలో చాలామందికి కుదరదు. ఎక్కాల్సి వస్తే అత్యవసర ద్వారం ఎటుందో, అద్దం పగలగొట్టే సుత్తి ఉందో లేదో చూసి పడుకోండి. బూట్లు, ఫోన్ చేతికందేలా పెట్టుకోండి. వరుసగా రెండు రాత్రులు బస్సులో గడపనని ముందే చెప్పండి. నేను మేనేజరుకి పెట్టిన షరతు ఇది: ఒక రాత్రి ప్రయాణమైతే రెండో రాత్రి గది ఉండాలి, లేదా దిగిన రోజు మధ్యాహ్నం నుంచి పని. మొదట విసుక్కున్నాడు. తర్వాత ఆ షరతు మా టీమ్ మొత్తానికీ వర్తించింది.

విశాఖ, తిరుపతి పనులకి ఇంకో దారి ఉంది. సికింద్రాబాదు నుంచి విశాఖకి 2023 జనవరి 15న, తిరుపతికి అదే ఏడాది ఏప్రిల్ 8న వందే భారత్ మొదలైంది. పగటి ప్రయాణం, ఛైర్ కార్. టికెట్ ఎక్కువే. కానీ లెక్కలో నిద్ర చెడని ఒక మనిషి పనిదినాన్ని కూడా కలిపి చూపిస్తే చాలాసార్లు ఒప్పుకుంటారు.

సొంత బైకుకి కిలోమీటరుకి 3 రూపాయలిస్తారు. లాభమా, నష్టమా?

పెట్రోలు ఒక్కటే చూస్తే లాభంలా కనిపిస్తుంది. నా బండి లెక్క చెబుతాను, మీ బండికి మీరు వేసుకోండి. లీటరు 107, మైలేజీ 45. కిలోమీటరుకి పెట్రోలు 2.38. మూడు వేల కిలోమీటర్లకి ఒక సర్వీసింగు 1,500, అంటే 50 పైసలు. టైర్లు రెండూ కలిపి 4,500, పాతిక వేల కిలోమీటర్లు వస్తాయి, 18 పైసలు. చైన్ సెట్ 2,000, ఇరవై వేలు వస్తుంది, 10 పైసలు. ఇన్సూరెన్సు ఏడాదికి 2,500, నేను ఏడాదికి తిరిగేది పన్నెండు వేలు, 21 పైసలు. మొత్తం 3.37. బండి పాతబడి విలువ తగ్గడం ఇందులో కలపనేలేదు.

అంటే వెయ్యి కిలోమీటర్లకి 370 రూపాయల నష్టం. ఈ లెక్క కాగితం మీద రాసి ఇస్తే ఎవరూ కాదనలేరు, ఎందుకంటే ప్రతి అంకెకీ మెకానిక్ బిల్లు ఉంటుంది. మరో పాయింటు: పెట్రోలు ధర మారితే రేటు మారేలా పాలసీలో ఒక వాక్యం పెట్టమనండి.

బయల్దేరేటప్పుడు, చేరాక మీటరు ఫోటో తీయండి. ఆఫీసువాళ్లు మ్యాపులో దగ్గరిదారి చూసి కిలోమీటర్లు కోసేస్తారు. మీరు వెళ్లిన దారి, మధ్యలో చూసిన రెండో ఆస్పత్రి వాళ్లకి మ్యాపులో కనబడవు.

కారులో వెళ్తే టోల్?

హైదరాబాదు, విజయవాడ మధ్య పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు దాటాలి. ప్రతి టోల్ ఫాస్టాగ్ స్టేట్‌మెంటులో వస్తుంది, అదే బిల్లు. 2025 ఆగస్టు 15 నుంచి సొంత కార్లకి జాతీయ రహదారుల మీద వార్షిక పాస్ వచ్చింది, మొదలైనప్పుడు 3,000 రూపాయలు, 200 ట్రిప్పులు లేదా ఏడాది, ఏది ముందైతే అది. ఎక్కువ తిరిగేవాళ్లయితే ఆ పాసు కంపెనీ కొనివ్వడం ఇద్దరికీ మంచిది.

నేను మహిళా ఉద్యోగిని. ఫ్రీ బస్సు ఉంది కదా, బస్ చార్జీ ఎందుకు అంటున్నారు.

ఈ ప్రశ్న ఈ రెండేళ్లలో కొత్తగా వచ్చింది. తెలంగాణలో మహాలక్ష్మి పథకం 2023 డిసెంబరు 9న మొదలైంది, పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో. ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీశక్తి 2025 ఆగస్టు 15న. ఏ పథకమైనా దూరప్రాంతాల సూపర్ లగ్జరీ, ఏసీ బస్సులకి వర్తించదు.

జీరో టికెట్ మీద వెళ్లినప్పుడు చార్జీ క్లెయిమ్ చేయొద్దు, ఖర్చు కాలేదు కాబట్టి. కానీ "నీకు ఫ్రీ కదా, ఎక్స్‌ప్రెస్‌లోనే వెళ్లు" అని ఒత్తిడి పెట్టడం మాత్రం అన్యాయం. అదే గ్రేడులో ఉన్న మగవాడికి సూపర్ లగ్జరీ ఇస్తూ, టూల్ కిట్ భుజాన వేసుకున్న ఆడపిల్లని కిక్కిరిసిన ఎక్స్‌ప్రెస్‌లో నాలుగు గంటలు నిలబెట్టడం ఎలా కుదురుతుంది? ప్రభుత్వం ఆడవాళ్లకిచ్చిన సదుపాయం అది, కంపెనీ ఖర్చు తగ్గించుకోడానికి ఇచ్చింది కాదు. గ్రేడు ప్రకారం ఏ బస్సు అర్హతో అదే అడగండి.

చీకటిపడ్డాక చేరే ఊళ్లో లాడ్జి పరిమితి మీకు అడ్డు కాకూడదు. రిసెప్షన్‌లో రాత్రంతా మనిషి ఉండే, మెయిన్ రోడ్డు మీది హోటలుకి మినహాయింపు కావాలని ఒకసారి మెయిల్ పెట్టి అనుమతి తీసుకుంటే ప్రతిసారీ అడగక్కర్లేదు. ఇంకోటి తెలుసుకోండి: పనిచేసే చోట లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో వచ్చిన చట్టంలో, ఉద్యోగం మీద వెళ్లిన ఏ చోటైనా, కంపెనీ ఏర్పాటు చేసిన వాహనమైనా పనిస్థలం కిందే లెక్క. క్యాంపులో జరిగింది ఆఫీసులో జరిగినట్టే, అక్కడి కమిటీకి ఫిర్యాదు చేయొచ్చు.

బిల్లు ఇవ్వని ఖర్చులు ఎలా చూపించాలి? టికెట్ మీద అక్షరాలు చెరిగిపోతే?

ఒక జూన్ నెలలో ఒంగోలు నుంచి వచ్చాను. ఆర్టీసీ టికెట్లు నాలుగు చొక్కా జేబులో మడిచి పెట్టుకున్నాను. కండక్టరు మిషన్‌లోంచి వచ్చే కాగితం వేడికి నల్లబడే రకం. చెమట తగిలినా, ఎండ తగిలినా అక్షరాలు పోతాయి. నెలాఖరున బిల్లులు అంటిస్తుంటే రెండు టికెట్లు తెల్లగా ఉన్నాయి. ఒకదాని మీద వేలితో రుద్దితే "ఒం" అనే అక్షరం లీలగా కనిపించింది. అకౌంట్స్ మేడమ్ దాన్ని ట్యూబ్‌లైట్ కింద అటూ ఇటూ తిప్పి చూసి, "తమ్ముడూ, ఇందులో ఏమీ లేదు కదా, నేనెలా పాస్ చేయను?" అంది. ఆమె తప్పేం లేదు. ఆడిటర్ ఆమెనే అడుగుతాడు.

అప్పటినుంచి టికెట్ చేతికి రాగానే, బస్సు కదలకముందే ఫోటో. తేదీ, ఊరు పేరుతో ఫోన్‌లో ఒక ఫోల్డరు. ఆటోకి యూపీఐలో కట్టి, నోట్‌లో "బస్టాండు నుంచి జీజీహెచ్ (ప్రభుత్వ ఆస్పత్రి)" అని రాస్తాను. మెస్సులో బిల్లు ఇవ్వరు కానీ ఫోన్‌పే స్కానర్ ఉంటుంది. ఆ స్క్రీన్‌షాట్ కూడా ఆధారమే అని పాలసీలో రాయించుకోవాలి. రాయించుకోవడం కష్టమేమీ కాదు, అడిగేవాళ్లు లేకే ఆగింది.

ముందు మా డబ్బు పెట్టాలి, తిరిగి రావడానికి రెండు నెలలు. క్రెడిట్ కార్డు వాడొచ్చా?

వాడొచ్చు, గడువులోగా బిల్లు మొత్తం కట్టగలిగితేనే. కనీస మొత్తం కట్టి నెట్టుకొస్తే నెలకి మూడు శాతానికి పైగానే వడ్డీ పడుతుంది. కంపెనీ ఇచ్చే డీఏ మీద ఆ వడ్డీ ఎవరూ ఇవ్వరు.

టూర్ అడ్వాన్సు అడగండి. చాలా కంపెనీల పాలసీలో అడ్వాన్సు ఉంటుంది, అడగడానికి మొహమాటపడి ఎవరూ తీసుకోరు. క్లెయిమ్‌ని నెలకోసారి కాకుండా వారానికోసారి పెట్టండి. పాత క్లెయిమ్ పెండింగులో ఉండగా కొత్త పెద్ద టూర్ వస్తే, "సార్, మార్చి బిల్లులు 14,000 రావాలి, అవి వస్తేనే వెళ్లగలను" అని చెప్పడంలో తప్పులేదు. చేతిలో లేని డబ్బుతో ఎవరూ ప్రయాణం చేయలేరు.

అందరూ దొంగ బిల్లులు పెట్టి సర్దుకుంటున్నారు. నేనొక్కణ్ణే ఎందుకు నష్టపోవాలి?

అడిగినవాళ్లని నేను తప్పుపట్టను. డీఏ 250 ఉన్న రోజుల్లో మా సీనియర్ ఒకాయన ఖాళీ లాడ్జి బిల్లు పుస్తకమే బ్యాగులో పెట్టుకుని తిరిగేవాడు. "తమ్ముడూ, బతకాలి కదా" అనేవాడు. మంచి మనిషి. ఒకరోజు ఆడిట్‌లో, ఆ తేదీకి ఆ లాడ్జి మూతపడి ఉందని తేలింది. పదకొండేళ్ల సర్వీసు ఒక్క వారంలో పోయింది. ఆ వారం మా టీమ్‌లో ఎవరూ సరిగా అన్నం తినలేదు.

ఉద్యోగం పోతుందన్న భయం ఒక కారణం. కానీ నేను దొంగ బిల్లు వద్దనడానికి అంతకన్నా పెద్ద కారణం ఉంది. దొంగ బిల్లు పెట్టినంతకాలం కంపెనీ లెక్కల్లో 250 సరిపోతున్నట్టే ఉంటుంది. పై అధికారికి లోటు ఎక్కడా కనబడదు. మనమే ఆ పాలసీని కాపాడుతున్నాం. డీఏ 400 ఉండి, నిజంగా 530 ఖర్చయితే 530 అనే రాయండి. అందులో 130 కొట్టేస్తారు. కొట్టేయనివ్వండి. పదిమంది ఇంజినీర్ల క్లెయిముల్లో ప్రతి నెలా ఎర్రగీత కింద అంత డబ్బు కనబడితే, ఆ ఎర్రగీతలే రేపు మనకి సాక్ష్యం.

మేనేజరుని ఎలా అడగాలి?

ఒక్కరే, కోపంగా, టూర్ నుంచి దిగిన రోజున అడగొద్దు. వెనకటి కంపెనీలో నేను మూడు నెలల లెక్క ఒక పేజీలో రాసి, మరో నలుగురి లెక్కలు జతచేసి, అప్రైజల్ సమయం కానప్పుడు వెళ్లాను.

"సార్, ఇది ఫిర్యాదు కాదు. మూడు నెలల్లో ఐదుగురికి కలిపి 21,000 మా చేతినుంచి పడింది. బిల్లులన్నీ ఇందులో ఉన్నాయి."

ఆయన పేజీ చాలాసేపు చూశాడు. "నా చేతిలో లేదయ్యా, కానీ ఈ కాగితం ఇలాగే పైకి పంపిస్తా" అన్నాడు. పంపించాడు. ఆరు నెలలకి డీఏ 300 నుంచి 375 అయ్యింది, ఆటో విడిగా వచ్చింది. మేం అడిగింది 450. పూర్తిగా రాలేదు, అయినా నెలకి ఇంటికి మిగిలిన తేడా మా ఆవిడ వెంటనే గుర్తుపట్టింది.

పైవాళ్లకి చూపించడానికి ఒక మంచి పోలిక కేంద్ర ప్రభుత్వానిది. ఏడో వేతన సంఘం తర్వాత 2017లో వచ్చిన ఉత్తర్వుల్లో, పే లెవెల్ 6 నుంచి 8 వరకు ఉన్నవాళ్లకి టూర్‌లో భోజనానికి రోజుకి 800, లెవెల్ 5, ఆ కింద వాళ్లకి 500 పెట్టారు. అంకెల కన్నా ముఖ్యమైనది అందులోని ఇంకో వాక్యం: కరువు భత్యం 50 శాతం పెరిగినప్పుడల్లా ఈ మొత్తాలు 25 శాతం పెరగాలి. 2024 జనవరిలో కరువు భత్యం 50 శాతానికి చేరింది. అంటే ధరలు పెరిగితే పరిమితి దానంతటదే కదిలే ఏర్పాటు అందులోనే ఉంది. మన పాలసీలో లేనిది అదే. డీఏ ఎంత అన్నదానికన్నా, ఎప్పుడు సవరిస్తారన్నది అడగండి.

చట్టం ఏమైనా సాయం చేస్తుందా?

కొంతవరకే. 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టంలో ప్రయాణ భత్యం వేతనం కిందికి వచ్చేది కాదు. దాని స్థానంలో వచ్చిన 2019 వేతనాల కోడ్‌లోనూ, పని కోసం అయ్యే ప్రత్యేక ఖర్చులకిచ్చే డబ్బు మామూలుగా వేతనం కాదు. కాబట్టి డీఏ తక్కువని జీతం ఎగ్గొట్టిన కేసులా పెట్టడం కుదరదు. అయితే క్లెయిమ్ ఎక్కువైందని మీ జీతంలోంచి కోస్తే అది వేరే విషయం. జీతంలోంచి ఏవి కోయొచ్చో చట్టంలోనే రాసి ఉంది.

మందుల కంపెనీల ప్రతినిధుల లాంటి సేల్స్ ప్రమోషన్ ఉద్యోగుల కోసం 1976లో ప్రత్యేక చట్టం వచ్చింది. దాని స్థానంలో కొత్త లేబర్ కోడ్‌లు 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చాయి. వాటిలో కార్మికుల నిర్వచనంలో సేల్స్ ప్రమోషన్ ఉద్యోగుల్ని చేర్చారు, నియామక పత్రం అందరికీ ఇవ్వాలన్నారు. ఆ పత్రంలో టూర్ నిబంధనలు రాయించుకోగలిగితే మీకు గట్టి ఆధారం.

డీఏ మీద పన్ను పడుతుందా?

టూర్‌లో ఉన్నప్పుడు రోజువారీ ఖర్చులకిచ్చే అలవెన్సు నిజంగా ఖర్చయిన మేరకు పన్ను పడదు, కొత్త పన్ను విధానం ఎంచుకున్నా సరే. క్లెయిమ్‌తో సంబంధం లేకుండా ప్రతి నెలా జీతంతో కలిపి ఇచ్చే ఫిక్స్‌డ్ మొత్తమైతే పేస్లిప్పులో ఎలా చూపిస్తున్నారో గమనించండి.

క్యాంపులో ప్రమాదం జరిగితే?

టూర్ ఆర్డరు రాతలో ఉండాలి. ఫోన్లో "రేపు ఏలూరు వెళ్లిరా" అన్నది తర్వాత ఎవరికీ గుర్తుండదు. పరిహారం ఇచ్చేటప్పుడు చూసేది ఆ ప్రమాదం ఉద్యోగం వల్ల, ఉద్యోగంలో ఉండగా జరిగిందా అనే. ఫోన్ రాగానే మీరే ఒక మెసేజ్ పెట్టండి: "మీరు చెప్పినట్టు రేపు ఉదయం బైకు మీద ఏలూరు వెళ్తున్నాను సార్." అది ఇంట్లోవాళ్లకి కూడా ఫార్వర్డ్ చేయండి. కంపెనీ గ్రూప్ ఇన్సూరెన్సు కార్డు ఫోటో భార్య లేదా భర్త ఫోన్‌లో ఉండాలి.

కొత్త ఉద్యోగంలో చేరేముందు ఏం అడగాలి?

జీతం మాట అయ్యాక మూడే అడగండి. డీఏ, లాడ్జి పరిమితి చివరిసారి ఏ ఏడాదిలో మార్చారు? క్లెయిమ్ ఎన్ని రోజుల్లో వస్తుంది? అడ్వాన్సు ఇస్తారా? మొదటిదానికి హెచ్‌ఆర్ తడబడితే, అదే టీమ్‌లో పనిచేసేవాళ్లని ఒకరిని టీకి పిలిచి కనుక్కోండి. నెలకి రెండు వేలు ఎక్కువ జీతం చూసి చేరి, మూడు వేలు టూర్‌లో పోగొట్టుకున్నవాళ్లు నాకు తెలుసు.

మానేస్తున్నాను. పాత క్లెయిములు రావాల్సి ఉన్నాయి.

రాజీనామా ఇవ్వకముందే అన్నీ సిస్టమ్‌లో ఎక్కించండి. ఇచ్చిన సాయంత్రమే లాగిన్ ఆపేసే కంపెనీలున్నాయి. తేదీ, ఊరు, మొత్తం, క్లెయిమ్ నంబరుతో ఒక పట్టిక చేసి మేనేజరుకి, అకౌంట్స్‌కి, మీ సొంత మెయిల్‌కి పంపండి. టికెట్ల ఫోటోల ఫోల్డరు ఆఫీసు ల్యాప్‌టాప్‌లో ఉంటే ముందు దాన్ని మీ ఫోన్‌లోకి తెచ్చుకోండి. ల్యాప్‌టాప్ అప్పగించేటప్పుడు చేతిలో ఉన్న టూర్ అడ్వాన్సు ఎంత, రావాల్సింది ఎంత అని ఒకే కాగితం మీద రాసి, తీసుకున్నవాళ్లతో సంతకం పెట్టించుకోండి.